సృజనలో సహచరులు

దాంపత్యం ఉమ్మడి సృజనకు పునాది కాగలదని నిరూపించిన జంట చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్.

చార్లెస్ 1907లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జన్మించారు. ఆయన వాస్తుశిల్పి. 1912లో శాక్రమెంటోలో జన్మించిన రే చిత్రకారిణి. 1940లో క్రాన్‌బ్రూక్ కళాసంస్థలో పరిచయమైన వీరు 1941లో వివాహం చేసుకొని లాస్ ఏంజిలిస్‌లో స్థిరపడ్డారు. తమ నివాసంలోనే ఒక యంత్రాన్ని అమర్చుకొని, పలుచని చెక్కపొరలను జిగురుతో అతికించి, వేడితో, ఒత్తిడితో శరీరాకృతికి తగినట్లు వంచే ప్రయోగాలు సాగించారు. ఆ కృషి మొదట రెండవ ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్ళకు కట్టుబద్దలుగా ఫలించింది. అనంతరం ఆ అనుభవమే తేలికైన కుర్చీల సృష్టికి దారితీసింది.

1946లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం ఆ కుర్చీలను చార్లెస్ పేరుతో మాత్రమే ప్రదర్శించింది. రూపంలో, రంగులో, అమరికలో రే చూపిన ప్రతిభ చాలాకాలం మరుగున పడింది. చార్లెస్ మాత్రం తమ కృషిలో ఆమెకు సమాన భాగముందని చెబుతూ వచ్చారు.

భారత ప్రభుత్వ ఆహ్వానంపై మన దేశంలో పర్యటించిన ఈ దంపతులు 1958లో ఒక నివేదిక సమర్పించారు. అందులో సామాన్యమైన చెంబును ప్రశంసిస్తూ, అది ఏ ఒక్కరి సృష్టీ కాదని, తరతరాల అనుభవం దానిని తీర్చిదిద్దిందని వివరించారు. ఆ నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది.

1978 ఆగస్టు 21న చార్లెస్ మరణించారు. సరిగ్గా 10 సంవత్సరాలకు, 1988లో అదే తేదీన రే కన్నుమూశారు. ఒకనాడు ఒక్కరి పేరుతో ప్రదర్శితమైన ఆ కుర్చీలకు నేడు ఆ మ్యూజియంలోనే రూపకర్తలుగా ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి.