అల్లూరి తుపాకుల లెక్క

ద్రాక్షారామం చేలల్లో వరి పొట్టకొచ్చేసరికి మన శత్రువు ఎలుక. దానికి తుపాకి పనికిరాదు. గట్లమీద బుట్టలు పెట్టి పట్టేవాళ్లే దిక్కు. ఏజెన్సీ సంగతి వేరు. అక్కడ సామ, చోడి కంకి వేసిందంటే రాత్రికి అడవిపంది దిగుతుంది. కొండవాడు నాటు తుపాకి పట్టుకుని మంచెమీద కూర్చోవాలి. ఈ తేడా తెలిస్తేనే అల్లూరి సీతారామరాజు చేసిన పని మన డెల్టావాళ్లకు బోధపడుతుందని మేమంటాం.

రాజు మనకు పరాయివాడేం కాదు. 1897 జులై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టాడు గాని, సొంతూరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి ఫొటోగ్రాఫరు, రాజమండ్రిలో ఉండగా పోయాడు. కుర్రవాడి చదువు ఒకచోట నిలవలేదు. మన రామచంద్రపురంలో కొన్నాళ్లు, కాకినాడలో కొన్నాళ్లు. 1917లో సన్యాసి వేషంతో కృష్ణదేవిపేట చేరాడు.

అక్కడ చూసిందేమిటి? 1882 అటవీ చట్టం పోడుకు అడ్డం. రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ దౌర్జన్యం. ఇక 1878 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకి నేరం. పందిని కొట్టాలన్నా సర్కారు దయే! 1879 రంప పితూరీ చవిచూసిన సర్కారు మరి, కొండవాడి చేతిలో తుపాకి కనబడితే దానికి పంది గుర్తుకు రాదు, తన ప్రాణమే గుర్తుకొస్తుంది.

నాటు తుపాకికి ఒక సుగుణముంది. మందూ సీసపు గుళ్లూ మనమే సమకూర్చుకోవచ్చు. కాని గొట్టంలో పోసి కడ్డీతో కూరాలి, పేలేది ఒక్క దెబ్బ, మళ్లీ కూరాలి. వానకు మందు చెమ్మగిలితే అదీ లేదు. పందికి చాలు, పటాలానికి చాలదు. అందుకే రాజు గాం గంటందొర, మల్లుదొరలతో కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లమీద పడ్డాడు. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. పట్టుకుపోయినవాటిని స్టేషను రికార్డులో రాసి సంతకం చేశాడు. ఏ దొంగ చేస్తాడండీ ఆ పని?

చిక్కల్లా తూటాతోనే. స్టేషను తుపాకికి ఫ్యాక్టరీ తూటాయే కావాలి, అది కొండమీద తయారు కాదు. పేల్చిన ప్రతి తూటా తరుగే. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో మనదేశపు పోలీసులను ముందుకు పోనిచ్చి, కవర్డు, హైటరు అనే ఇద్దరు తెల్ల అధికార్లను మాత్రం పడగొట్టారు. అది దయా, పొదుపూ రెండూనని మా అభిప్రాయం. అక్టోబరు 15న అడ్డతీగల స్టేషను ముట్టడించేసరికి ఆయుధాలు ముందే తరలించేశారు. సర్కారుకూ లెక్క తెలిసిపోయిందన్నమాట. మలబారు పోలీసులు దిగారు, తర్వాత అస్సాం రైఫిల్సు. 1924 మే 7న రాజును పట్టుకుని కొయ్యూరులో విచారణన్నది లేకుండా కాల్చేశారు. ఇరవయ్యేడు నిండలేదు. మరునెలలో గంటందొరా పోయాడు. శిక్ష అనుభవించి బతికొచ్చిన మల్లుదొర 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడు.

1878 చట్టం పోయి 1959 చట్టం వచ్చింది. పంట కాపలాకని లైసెన్సు అడిగితే అది కూడా ముందు చూపేది ఆ మందు కూరే తుపాకినే. అదున్నా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పందిని కొట్టడానికి వేరే అనుమతి కావాలి. ఆఫీసుల చుట్టూ తిరగలేని రైతు చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగుతున్నాడు. చీకట్లో పనికిపోయే కూలీ ఆ తీగమీద పడి చస్తున్నాడు.