వీరమాత జిజాబాయి

మహారాష్ట్ర దేశంలో సహ్యాద్రి శ్రేణుల నడుమ, రాయగఢ దుర్గానికి అడుగున, పాచాడ్ అనే చిన్న గ్రామం కలదు. శివాజీ సింహాసనమెక్కిన చోటు చూడవలెనని కొండకు పోయే యాత్రికులకు ఆ గ్రామం దారిలోనే తగులుతుంది. అక్కడ ఒక సమాధి ఉన్నది. అది ఆ మహారాజు తల్లిది. కుమారుని కీర్తి కొండమీద వెలుగుచుండగా తల్లి కొండ క్రింద విశ్రమించినది. మన పాఠ్యపుస్తకాలలో ఆమెకు దక్కిన స్థానం కూడ ఇంచుమించు అటువంటిదే. బాలుడైన శివాజీకి రామాయణ భారత కథలు చెప్పిన తల్లి అని ఒక వాక్యం వ్రాయడం, ఆ పిమ్మట కుమారుని వెంట సాగిపోవడం పరిపాటి. డెబ్బదియారు సంవత్సరాల జీవితం ఆ ఒక్క వాక్యంలో ఇముడదు.

జిజాబాయి 1598వ సంవత్సరం జనవరి 12వ తేదీన సిందఖేడులో జన్మించినది. ఆ ఊరు నేటి మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో ఉన్నది. తండ్రి లఖూజీ జాధవరావు అహమ్మదునగర నిజాంషాహీ కొలువులో గొప్ప సర్దారు. జాధవులు తాము దేవగిరి యాదవ రాజుల సంతతివారమని చెప్పుకొనేవారు. రాజ్యం పోయి మూడు శతాబ్దులు కావచ్చినా ఆ వంశగౌరవం ఇంటిలో మిగిలియున్నది. అటువంటి ఇంటి ఆడుబిడ్డను వేరూళు గ్రామానికి చెందిన మాలోజీ భోంస్లే కుమారుడైన షాహాజీకి ఇచ్చి చిన్నతనంలోనే వివాహం చేసినారు. భోంస్లేలు అప్పుడప్పుడే పైకి వస్తున్నవారు. రెండు కుటుంబాలూ ఒకే సుల్తాను కొలువులో ఉండినవి. అయినను వాటి మధ్య పొత్తు నిలువలేదు.

ఒకనాడు కొలువు ముగిసి సర్దారులు వెలికి వస్తున్న సమయాన ఒక ఏనుగు మదించి జనంమీద పడినదట. దానిని అదుపు చేయబోవడంలో మాటామాటా పెరిగి కత్తులు దూసుకొన్నారు. ఆ కలహంలో జిజాబాయి సోదరుడు దత్తాజీ మరణించినాడు. భోంస్లేల పక్షాన షాహాజీ పినతండ్రి కుమారుడు నేలకూలినాడు. పుట్టినింటివారును మెట్టినింటివారును ఒకరి నెత్తురు ఒకరు కళ్ళ చూచిన పిదప, రెంటి నడుమ నిలిచిన ఆడుదాని స్థితి ఊహించవచ్చును. ఆమె మెట్టినింటినే తన ఇల్లుగా చేసికొన్నది. కాని పుట్టినింటి దుఃఖం ఆమెను వదలలేదు.

1629లో అంతకంటె ఘోరం జరిగినది. దౌలతాబాదు కోటలో, నిజాంషాహీ సుల్తాను సమ్ముఖంలోనే, లఖూజీ జాధవరావును అతని కుమారులతోను మనుమనితోను చంపివేసినారు. జీవితమంతా ఏ ప్రభువును సేవించినాడో ఆ ప్రభువు కొలువులోనే ఆ వృద్ధ సర్దారుకు చావు కలిగినది. అప్పటికి జిజాబాయి గర్భవతి. భర్త యుద్ధాల వెంట తిరుగుచుండెను. ఆమెకు జున్నరు సమీపాన ఉన్న శివనేరి దుర్గం ఆశ్రయమైనది. అక్కడనే 1630 ఫిబ్రవరి 19వ తేదీన ఆమెకు ఒక కుమారుడు కలిగినాడు. ఆ దుర్గదేవత శివాయి పేరున బిడ్డకు శివాజీ అని పేరు పెట్టినారని జనశ్రుతి. పెద్దకుమారుడు శంభాజీ అప్పటికే కొంత పెరిగిన బాలుడు.

ఆ బిడ్డ పుట్టిన సంవత్సరమే దక్కనులో మహాక్షామం మొదలైనది. వానలు లేవు. గ్రామాలు పాడుపడినవి. తినుటకు తిండి లేక జనులు వలసపోయినారు. దానికి తోడు మొగలు సేనలు, బీజాపూరు సేనలు, నిజాంషాహీ సేనలు ఒకదానివెంట ఒకటి ఆ నేలను త్రొక్కినవి. షాహాజీ జాగీరైన పుణె పట్టణాన్ని బీజాపూరు సేనాని ఒకడు నేలమట్టం చేసి గాడిదలచేత దున్నించినాడు. ఇక అక్కడ మనుష్యులు కాపురముండరాదని దాని భావం.

1636లో నిజాంషాహీ రాజ్యం అంతరించినది. షాహాజీ బీజాపూరు కొలువులో చేరి, కన్నడదేశం వైపు నియుక్తుడై, బెంగుళూరు కేంద్రంగా నిలిచినాడు. పెద్దకుమారుడు తండ్రివెంట పోయినాడు. షాహాజీ రెండవ భార్య తుకాబాయి కూడ ఆయన చెంతనే ఉండినది. జిజాబాయి చిన్నకుమారునితో పుణె జాగీరులో నిలిచినది. మధ్యలో కొన్నాళ్ళు బెంగుళూరులో గడపిన మాట నిజమే కాని, భార్యాభర్తల జీవితాలు అప్పటినుండి రెండు దారులైనవి. ఆమె ఆ విషయమై నిందించినట్లు గాని విలపించినట్లు గాని చరిత్ర చెప్పదు. ఆమె చేసిన పని మాత్రం చెబుతుంది.

ఆమె చేతికి వచ్చినది పాడుపడిన ఊరు. జాగీరు వ్యవహారాలు చూచుటకు దాదోజీ కొండదేవు అనే అనుభవశాలి నియుక్తుడై ఉండెను. వెళ్ళిపోయిన రైతులను మరల పిలిపించినారు. శిస్తు తగ్గించి క్రొత్తగా సేద్యం చేయించినారు. మనుష్యులు లేని చోట తోడేళ్ళు పెరిగినవి గనుక వాటిని చంపినవారికి బహుమానాలు ఇచ్చినారు. కస్బా పేటలో గణపతి ఆలయం వెలసినది. లాల్‌మహల్ అనే భవనం నిర్మించుకొని తల్లీకొడుకులు ఆ ఊరిలోనే కాపురమున్నారు. దొరసాని బిడ్డతో సహా ఊరిలో నివసించడం చూచి, పారిపోయినవారికి ధైర్యం కలిగినది. ఊరు తిరిగి ఊరైనది.

శివాజీ పొందిన విద్యలో పురాణకథలు ఒక భాగం మాత్రమే. పాడైన గ్రామం ఎట్లు నిలబడుతుందో, రైతు దేనికి పారిపోతాడో, ఏ మాట ఇస్తే తిరిగి వస్తాడో ఆ బాలుడు కళ్ళతో చూచినాడు. కుల గ్రామ తగాదాలలో తల్లి తీర్పు చెబుతుండగా విన్నాడు. తరువాతి కాలంలో ఆయన సైన్యం పైరులను త్రొక్కరాదని, స్త్రీలను తాకరాదని శాసించినాడంటే ఆ నియమాలకు మూలం ఆ ఇంటిలోనే వెదకవలెను.

కుమారుడు పదునారేండ్ల ప్రాయంలో తోరణ మొదలైన దుర్గాలను వశపరచుకొనుటకు ఆరంభించినాడు. అందువలన తల్లికి గర్వం ఎంతో భయం కూడ అంతే. 1648లో బీజాపూరు ప్రభుత్వం షాహాజీని జింజి ప్రాంతంలో నిర్బంధించినది. కుమారుని సాహసం భర్త ప్రాణానికి ముప్పుగా పరిణమించినది. మరుసటి సంవత్సరం కొండానా దుర్గాన్ని వదలుకొన్న మీదట షాహాజీ విడుదలైనాడు. కొన్నేళ్ళకే పెద్దకుమారుడు శంభాజీ కన్నడదేశంలో కనకగిరి వద్ద యుద్ధంలో మరణించినాడు. సమయానికి సహాయం పంపక అతని చావునకు అఫ్జల్‌ఖాను కారకుడైనాడని భోంస్లే కుటుంబం విశ్వసించినది.

ఆ అఫ్జల్‌ఖానే 1659లో పెద్దసేనతో శివాజీమీదికి వచ్చినాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో కోడలు సాయీబాయి మరణించినది. ఆమె కుమారునికి, పెద్దతండ్రి పేరు పెట్టుకొన్న చిన్న శంభాజీకి, అప్పటికి రెండేండ్లు. తల్లిలేని ఆ మనుమని పెంపకం అరువది దాటిన నాయనమ్మ చేతికి వచ్చినది. రెండు నెలలకు, నవంబరు 10వ తేదీన, ప్రతాపగఢం వద్ద ఖానును కలిసికొనుటకు శివాజీ బయలుదేరినాడు. ఒక కుమారుని పోగొట్టుకొన్న తల్లి ఉన్న ఒక్క కుమారుని ఆ ఖాను ఎదుటికి పంపవలసి వచ్చినది. బిడ్డను దాచుకొనగలిగిన తల్లులు లోకంలో అనేకులు. పంపగలిగిన తల్లి కావడం ఆమెకు ఒకనాటి పరీక్ష కాదు, జీవితమంతటి పరీక్ష. ఆ మరుసటి సంవత్సరం శివాజీ పన్హాళా దుర్గంలో నెలల తరబడి ముట్టడిలో చిక్కుకొన్నప్పుడు, వృద్ధురాలైన తానే సేనతో వెడలుటకు సిద్ధమైనదని ఆనాటి కావ్యం వర్ణించినది.

1664 జనవరిలో షాహాజీ కన్నడదేశంలో హోదిగెరె వద్ద వేటలో గుర్రంమీదినుండి పడి మరణించినాడు. ఆ వార్త విని జిజాబాయి సహగమనం చేయ సంకల్పించినది. కుమారుడు ప్రాధేయపడి ఆపినాడు. ఆనాటి ఆచారాన్ని బట్టి చూస్తే ఆ సంకల్పం నుండి మరలడం తేలిక కాదు. ఆమె మరలినది. ఆ తరువాత జీవించిన పదేండ్ల వలన రాజ్యానికి కలిగిన మేలు ఎంతటిదో రెండేండ్లలోనే తెలిసినది. 1665 జనవరిలో సూర్యగ్రహణ పుణ్యకాలాన మహాబలేశ్వరంలో శివాజీ తల్లిని బంగారంతో తూచి, ఆ బంగారాన్ని దానం చేసినాడు.

అదే ఏడు జూనులో పురందర సంధి జరిగినది. ఇరువదిమూడు దుర్గాలు మొగలులకు అప్పగింపబడినవి. 1666 మార్చిలో శివాజీ తొమ్మిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని ఆగ్రాకు ప్రయాణమైనాడు. పోవుచు రాజ్యభారాన్ని తల్లికి అప్పగించినాడు. మోరోపంత్ పింగళే, అన్నాజీ దత్తో మొదలైనవారు ఆమె ఆజ్ఞకు లోబడి పనిచేసినారు. మే నెలలో ఆగ్రా దర్బారులో శివాజీ అవమానింపబడి నిర్బంధంలో పడినాడు. కుమారుడు, మనుమడు శత్రువు చేతిలో ఉన్నారు. దుర్గాలు సగానికి పైగా పోయినవి. ఆ స్థితిలో అరువదియెనిమిదేండ్ల వృద్ధురాలు మిగిలిన రాజ్యాన్ని చెదరకుండ కాపాడినది. దుర్గపాలకులెవరూ తిరుగబడలేదు. శిస్తు వ్యవస్థ చెడలేదు. ఆగస్టులో తప్పించుకొని మారువేషాన తిరిగివచ్చిన శివాజీకి తాను విడిచిపోయిన రాజ్యం యథాతథంగా లభించినది. బైరాగి వేషంలో వచ్చి పాదాలు తాకిన కుమారుని ఆమె మొదట గుర్తింపలేదని ఒక కథ కలదు. మధురలో దాచి వచ్చిన మనుమడు తరువాత క్షేమంగా ఇల్లు చేరినాడు.

1670లో తానాజీ మాలుసరే కొండానాను జయించి ప్రాణాలు విడిచిన ఘట్టాన్ని వీరగాథలు పాడేవారు ఆమె కోరికతోనే ఆరంభిస్తారు. భర్తను విడిపించుటకు వదలుకొన్న దుర్గం అదే. అందుచేత ఆ గాథలో చరిత్ర పాలు ఎంతైనా, జనుల మనస్సు ఆమెను సరిగానే గ్రహించినదని చెప్పవచ్చును.

కడపటి సంవత్సరాలలో రాయగఢంమీది చలిగాలి ఆమె వయస్సుకు సరిపడలేదు. అందుచేత శివాజీ కొండ క్రింద పాచాడులో తల్లికి భవనం కట్టించినాడు. 1674 జూన్ 6వ తేదీన కాశీ పండితుడైన గాగాభట్టు ఆధ్వర్యంలో శివాజీకి పట్టాభిషేకం జరిగినది. తండ్రిని కొలువులోనే పోగొట్టుకొన్న సర్దారు కుమార్తె, తన కుమారుడు ఎవరి కొలువూ చేయనక్కరలేని ఛత్రపతి కావడం కన్నులార చూచినది. పదునొకండు దినాలకు, జూన్ 17వ తేదీన, పాచాడులో కన్నుమూసినది.

మూడేండ్ల తరువాత, 1677లో, శివాజీ దక్షిణ దిగ్విజయానికి వెడలి, భాగ్యనగరంలో తానాషాను కలిసికొని, శ్రీశైలం చేరి కొన్నాళ్ళు మల్లికార్జున సన్నిధిలో గడపినాడు. ఆ యాత్రలోనే సవతితమ్ముడు ఏకోజీతో తండ్రి ఆస్తి విషయమై వివాదం కలిగినది. తుకాబాయి కుమారుడైన ఆ ఏకోజీ తంజావూరులో రాజ్యం స్థాపించినాడు. అతని కుమారుడు, తాతగారి పేరే ధరించిన షాహాజీ, పల్లకీ సేవా ప్రబంధం వంటి తెలుగు యక్షగానాలను రచించినాడు. ఒక్క షాహాజీ ఇంటినుండి ఒక శాఖ సహ్యాద్రిలో రాజ్యమై, మరొక శాఖ కావేరితీరాన తెలుగు సారస్వతానికి నీడ అయినది.

మొదటి శాఖను ఒంటరిగా నిలిపినది జిజాబాయి. ఆమె స్వయంగా దుర్గాలు జయించలేదు, గ్రంథాలు వ్రాయలేదు. పాడుపడిన ఊరిలో కాపురం పెట్టినది, చావదలచినప్పుడు కుమారుని కొరకు బ్రతికినది, కుమారుడు లేనప్పుడు రాజ్యాన్ని కాచినది. తరగతిలో శివాజీ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కొండ ఎక్కడానికి ముందు విద్యార్థులను ఒక్క క్షణం పాచాడులో నిలిపితే, ఆ పాఠం మరింత సమగ్రమౌతుంది.