వడ్రంగి కొడుకు – ఓడ మీది విమానం
(సర్ సిడ్నీ కామ్ జీవితం)

మా చిలకలూరిపేట నుంచి ఒంగోలు వైపు జాతీయ రహదారి మీద పోతుంటే, కొరిశపాడు – రేణంగివరం మధ్య రోడ్డు బద్ద పెట్టి గీసినట్లు తిన్నగా సాగిపోతుంది. అవసరమొస్తే యుద్ధవిమానాలు దిగడానికి కట్టిన రన్‌వే అది. పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాటే. 2024 మార్చిలో వైమానిక దళం వారు అక్కడ విమానాలతో పరీక్ష కూడా జరిపారు. మరి నడిసముద్రంలో ఓడ మీద నుంచి లేవవలసిన విమానం సంగతేమిటి? మన పాత విక్రాంత్ నౌక ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచినా 213 మీటర్లే. ఆ కాస్త చోటులో నుంచి బాంబులు కట్టుకుని ఎగిరిన సీ హాక్ విమానానికి రూపమిచ్చినవాడు సిడ్నీ కామ్. ఆయన ఇంజనీరింగు కాలేజీ మెట్లెక్కినవాడు కాదు. వడ్రంగి కొడుకు.

కామ్ 1893 ఆగస్టు 5న ఇంగ్లాండులోని విండ్సర్‌లో పుట్టాడు. పన్నెండు మంది సంతానంలో ఈయనే పెద్ద. చిన్నతనంలోనే బడి మానేసి ఉలి, బాడిస పట్టాడు. తమ్ముళ్లతో కలిసి బొమ్మ విమానాలు చేసి, పక్కనే ఉన్న ఈటన్ కాలేజీలో చదివే గొప్పింటి పిల్లలకు ఎవరికీ తెలియకుండా అమ్మేవాడట! మొదటి ప్రపంచయుద్ధానికి కాస్త ముందు మార్టిన్‌సైడ్ అనే విమానాల కంపెనీలో వడ్రంగిగానే చేరాడు. 1923లో హాకర్ కంపెనీకి వచ్చి, రెండేళ్లకే ముఖ్య రూపశిల్పి అయ్యాడు. అక్కడ ఆయన గీసిన మొదటి విమానం సిగ్నెట్. దాని ఖాళీ బరువు 170 కిలోలు. మా వైపు లెక్కలో చెప్పాలంటే నాలుగు మిర్చి టిక్కీలు! కర్ర విలువ తెలిసినవాడు గనుక అనవసరమైన బరువును పగవాణ్ణి చూసినట్లు చూసేవాడు. డ్రాయింగు బల్లల మధ్య ఆయన నడిచి వస్తుంటే కింది ఉద్యోగులకు గుండెలు దడదడలాడేవని చెబుతారు. 1935లో ఎగిరిన హరికేన్ ఆయన్ని ప్రపంచ ప్రసిద్ధుణ్ణి చేసింది. ఆ కథ అందరికీ తెలిసిందే గనుక దాటవేస్తున్నాను.

అసలు బరువు దగ్గర ఇంత పట్టింపు ఎందుకు? మా నాన్న ట్రాక్టరు ట్రక్కులో పత్తి బోరేలు ఎక్కించేటప్పుడు ఇరుసు ఎంత మోస్తుందని ఒక్కటే చూడడు. నల్లరేగడి ఆరిందా లేదా అనీ చూస్తాడు. తారు రోడ్డు మీద హాయిగా పోయే బరువుకే తడి చేలో చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. ఓడ మీది విమానం సంగతీ అంతే. రెక్క మోయగలదు కదా అని బాంబులు తగిలిస్తే సరిపోదు. బరువు పది శాతం పెరిగితే లేవడానికి కావలసిన వేగం సుమారు ఐదు శాతం పెరగాలి. బరువూ పెరిగి, వేగమూ పెరగాలి గనుక, ఎదురుగాలి లేదనుకుంటే విమానాన్ని విసిరే యంత్రం ఇవ్వవలసిన శక్తి 21 శాతం పెరుగుతుంది. ఆ యంత్రానికో హద్దుంది. మిగతాది ఓడ వేగమూ, ఎదురుగాలీ కలిసి పూడ్చాలి. తిరిగి వచ్చి దిగేటప్పుడు కొక్కేనికి తగిలే తీగకూ మళ్లీ ఇదే లెక్క.

సీ హాక్ మొదటి నమూనా 1947 సెప్టెంబరు 2న ఎగిరింది. మామూలుగా జెట్ పొగ తోక చివర నుంచి పోతుంది. కామ్ బృందం దాన్ని రెండుగా చీల్చి, రెక్కల మొదట్లో ఇరుపక్కలకూ తిప్పింది. పొడుగాటి గొట్టం తప్పింది, దాని బరువు తప్పింది, వెనక భాగంలో ఇంధనానికి చోటు దొరికింది! ఒక్క దెబ్బకు మూడు పిట్టలు. తొలి సీ హాక్‌లకు నాలుగు ఫిరంగులే ఆయుధం. తర్వాత రెక్కలను గట్టిపరచి రెండు, ఆపైన నాలుగు 500 పౌన్ల బాంబులు తగిలించారు. నాలుగూ కలిపి సుమారు 900 కిలోలు. ఖాళీ బరువే నాలుగు టన్నుల పైన ఉన్న విమానానికి అది తక్కువ మోత కాదు. ఈ బాంబుల రకాలను తీర్చిదిద్దింది వేరే కంపెనీ అని కూడా చెప్పాలి. అప్పటికి కామ్‌ది హంటర్ విమానం ధ్యాస.

1971 యుద్ధంలో మన విక్రాంత్ ఎలా వెళ్లిందో తెలుసా? నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి పనికిరాకుండా పోయింది. అందుచేత ఓడ పూర్తి వేగంతో పోలేదు. పోలేకపోతే డెక్కు మీద గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే విమానం మోసే బరువు తగ్గుతుంది. ఇంధనం తగ్గించుకోవాలా, బాంబు తగ్గించుకోవాలా అన్నది అక్కడ పరీక్ష పేపర్లో లెక్క కాదు, పైలట్ తిరిగి వస్తాడా రాడా అన్న లెక్క. అయినా డిసెంబరు 4న సీ హాక్‌లు బంగాళాఖాతం మీద నుంచి లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి. కామ్ గీతకు అంతకన్నా పెద్ద పరీక్ష మరొకటి ఉండదనుకుంటాను. అది చూడటానికి ఆయన లేడు. 1966 మార్చి 12న గోల్ఫ్ ఆడుతూనే కన్నుమూశాడు.

కాని పోయేలోగా ఇంకో పని చేశాడు. మనిషి నడిపే యుద్ధవిమానాలకు ఇక కాలం చెల్లినట్లేనని 1957లో బ్రిటిష్ ప్రభుత్వం తేల్చినప్పుడు, నిట్టనిలువుగా లేచే విమానాన్ని కంపెనీ సొంత డబ్బుతో మొదలుపెట్టించాడు. దాని బొమ్మ గీసినవాడు ఆయన దగ్గర పనిచేసే రాల్ఫ్ హూపర్. పొగను పక్కలకు తిప్పే పాత ఉపాయం ఇక్కడ నాలుగు గొట్టాలైంది. 1960 అక్టోబరు 21న పరీక్ష. ఇంజను బలం బొటాబొటీగా ఉండటంతో విమానంలో అక్కర్లేని ప్రతి వస్తువూ ఊడదీశారు. కాలికి పట్టీతో ఉన్న పైలట్ బిల్ బెడ్‌ఫర్డ్ దాన్ని నేల నుంచి కాస్త పైకి లేపాడు. తాళ్లతో కట్టేసి ఉంచారు సుమా!

దాని వారసుడే సీ హారియర్. మన నౌకాదళంలో 1983లో చేరి 2016 మేలో సెలవు తీసుకుంది. ఎండ ముదిరితే ఇంజను బలం తగ్గుతుంది. అప్పుడు నిలువుగా దిగాలంటే, వాడని ఆయుధాలను సముద్రంలో వదిలేయవలసి వచ్చినా రావచ్చు. పండిన పంట బరువైందని దారిలో పారబోసినట్లు! మా ఇంట్లో ఈ మాట చెబితే నాన్న నమ్మలేదు. విశాఖ బీచ్ రోడ్డులో ఒక సీ హారియర్‌ను ప్రదర్శనకు పెట్టారు. సంక్రాంతి సెలవుల్లో ఆయన్ని తీసుకెళ్లి, దాని పక్కన నిలబెట్టి ఆ నాలుగు గొట్టాలూ చూపించాలని ఉంది.

– ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి