రక్తనిధి నిర్మాత డాక్టర్ చార్లెస్ డ్రూ

రక్తదానము చేసిన ప్రతివారికిని బల్ల ప్రక్కన నుండు సంచియు, దానిమీద నంటించిన చీటియు గుర్తుండును. ఒకప్పుడు సంచికి బదులు గాజుసీసా యుండెడిది. ఆ చీటిమీద దాత పేరుండదు. ఒక సంఖ్య, రక్తపు గ్రూపు, తీసిన తేది, గడువు తేది, జరిపిన పరీక్షల ఫలితములు మాత్రము వ్రాయబడి యుండును. ఇచ్చినవారెవరో పుచ్చుకొనువారెరుగరు, పుచ్చుకొన్నవారెవరో ఇచ్చినవారెరుగరు. ఇరువురి నడుమ నమ్మకమునకు ఆధారము ఆ చీటియే. ఇంత సులువుగా కనబడు నీ యేర్పాటు వెనుక అనేకుల కృషి కలదు. వారిలో ముఖ్యుడు అమెరికా దేశపు నల్లజాతి శస్త్రవైద్యుడు డాక్టర్ చార్లెస్ రిచర్డ్ డ్రూ. ఆయన పేరు చాలమంది యెరుగుదురు గాని, ఆయన జీవితముకంటె ఆయనను గురించిన కట్టుకథలే హెచ్చుగా ప్రచారములో నున్నవి.

డ్రూ 1904వ సంవత్సరము జూన్ 3వ తేదీన వాషింగ్టన్ నగరమున జన్మించెను. తండ్రి రిచర్డ్ ఇండ్లలో తివాచీలు పరచు పనివాడు. తల్లి నోరా ఉపాధ్యాయినిగా శిక్షణ పొందిన విద్యావతి. ఐదుగురు బిడ్డలలో చార్లెస్ పెద్దవాడు. బాల్యముననే వీధులలో వార్తాపత్రికలమ్మి నాలుగు డబ్బులు సంపాదించెడివాడు. క్షయరోగముతో బాధపడుచున్న చెల్లెలు ఎల్సీ 1920లో ఇన్‌ఫ్లుయెంజా సోకి మరణించినది. ఆ దుఃఖమే తన్ను వైద్యము వైపు త్రిప్పినదని ఆయన తరువాతి కాలమున తలచెడివాడు. అయినను అప్పటికి ఆయనకు పేరు తెచ్చినది చదువుకంటె ఆటలే. మసాచుసెట్స్ రాష్ట్రములోని ఆమ్‌హెర్స్ట్ కళాశాలకు క్రీడాకారుని వేతనముపై వెళ్ళి 1926లో పట్టము పొందెను. ఫుట్‌బాల్ ఆటలో గాయపడి ఆసుపత్రిలో నుండవలసి వచ్చినప్పుడు వైద్యుల పని దగ్గరగా చూచుట కూడ ఆయన నిర్ణయమునకు బలము చేకూర్చెను. చేత ధనము లేనందున రెండేండ్లు బాల్టిమోరులోని మోర్గన్ కళాశాలలో వ్యాయామము, జీవశాస్త్రము బోధించి రుసుములకు కూడబెట్టుకొనెను.

వైద్యవిద్యకు దరఖాస్తు చేయగా, నల్లజాతివారి విద్యకు కేంద్రమైన హోవర్డ్ విశ్వవిద్యాలయము ఇంగ్లీషు పాఠములు చాలలేదని ఆయనను చేర్చుకొనలేదు. (ఆ హోవర్డ్‌లోనే ఆయన తరువాత శస్త్రవైద్య శాఖకు అధిపతి యయ్యెను.) కెనడాలో మాంట్రియల్ నగరపు మెగిల్ విశ్వవిద్యాలయము ఆయనకు చోటిచ్చినది. అచట 1933లో నూటముప్పదియేడుగురు విద్యార్థులలో రెండవవాడుగా నుత్తీర్ణుడయ్యెను. జాన్ బీటీ యను బ్రిటిషు అధ్యాపకుడు అచట పాఠము చెప్పుచుండెను. గాయము వలన శరీరము కుప్పకూలు షాక్ స్థితిలో రక్తమునో ద్రవములనో ఎక్కించినచో మనిషి బ్రతుకుటెట్లో తెలిసికొనవలెనను ఆసక్తి డ్రూకు ఆయనవద్దనే కలిగినది.

ఆ నాటికి రక్తమెక్కించుట యెంత కష్టమో మనమిప్పుడు ఊహింపజాలము. లాండ్‌స్టైనర్ శతాబ్ది ప్రారంభమున రక్తపు గ్రూపులను కనిపెట్టెను. 1914 ప్రాంతమున సోడియం సిట్రేటు కలిపినచో రక్తము గడ్డకట్టదని తెలిసినది. అయినను రక్తమును నిలువయుంచు వాడుక లేనందున, అవసరమైనప్పుడు దాతనే వెదకి తీసికొని రావలెను. లండనులో పెర్సీ ఆలివర్ అను రెడ్‌క్రాస్ కార్యకర్త 1921లో, పిలిచిన క్షణమున ఆసుపత్రికి పరుగెత్తుటకు సిద్ధపడిన స్వచ్ఛంద దాతల పట్టిక నొకటి తయారుచేసి, తన యింటినుండియే నడపెను. న్యూయార్కులో రక్తమునకు డబ్బిచ్చు పద్ధతి ప్రబలి యుండెను. 1937లో చికాగోలో డాక్టర్ బెర్నార్డ్ ఫాంటస్ ఆసుపత్రిలో రక్తమును సీసాలలో నిలువచేయించి, దానికి బ్యాంకు అను పేరు పెట్టెను. ఆ పేరు నేటికిని నిలిచినది.

1938లో డ్రూ రాక్‌ఫెల్లర్ వేతనముపై న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్ళెను. తెల్లజాతి రోగులను నల్లజాతి వైద్యుడు ముట్టుట చెల్లని రోజులవి. అందుచే ఆయనను పరిశోధనశాలలో జాన్ స్కడర్ అను శాస్త్రజ్ఞుని వద్ద నియమించిరి. డ్రూ ఆ పరిశోధననే తన భాగ్యముగా మార్చుకొని, రాత్రింబవళ్ళు పని చేసెను. అవకాశము దొరికినప్పుడెల్ల రోగుల వార్డులకును వెళ్ళి శస్త్రవైద్యమును నేర్చెను. 1939 ఆగస్టులో ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో ప్రయోగార్థము ఒక రక్తనిధి తెరువబడినది. సీసా యే ఆకారములో నుండవలెను, ఎంత చలిలో నుంచవలెను, కదిలించినచో నేమగును, రోజులు గడచినకొలది ఎఱ్ఱకణములనుండి పొటాసియము బయటకు కారుట ఎట్లు మొదలగును - ఇట్టి చిన్న చిన్న సంగతులన్నిటిని ఆయన లెక్కకట్టి వ్రాసెను. ఆ వ్యాసమునకు 1940లో కొలంబియా వైద్యశాస్త్రములో డాక్టరేటు నిచ్చినది. అమెరికా నల్లజాతివారిలో ఆ పట్టము పొందిన మొదటివాడు డ్రూ. ఆయన ప్లాస్మాను కనిపెట్టెనని కొందరు వ్రాయుదురు, అది సరికాదు. పదిమంది పదిచోట్ల చేసిన ప్రయోగములను జల్లెడపట్టి, పనికివచ్చు పద్ధతిని నిలబెట్టుట ఆయన ఘనత.

ఇంతలో యుద్ధము ముదిరినది. 1940లో ఫ్రాన్సు ఓడిపోవగా బ్రిటన్ ఒంటరి యయ్యెను. లండను మీద బాంబులు పడుచుండగా గాయపడినవారికి రక్తము కావలసి వచ్చినది. రక్తమును అట్లే ఓడలమీద పంపుట సాధ్యము కాదు. అది కొన్నాళ్ళకే చెడును. రక్తకణములు తీసివేయగా మిగులు లేత పసుపువన్నె ద్రవమే ప్లాస్మా. దీనిని చాలకాలము నిలువచేయవచ్చును. ఎక్కించునప్పుడు గ్రూపు కుదుర్చుకొను చిక్కును తక్కువ. న్యూయార్కులోని ఆసుపత్రులలో రక్తము సేకరించి, ప్లాస్మా తీసి, ఉప్పునీటితో కలిపి బ్రిటనుకు పంపు పథకమొకటి 1940 ఆగస్టులో ప్రారంభమైనది. కాని ఒక్కొక్క ఆసుపత్రిది ఒక్కొక్క పద్ధతి. కొన్ని సీసాలలో సూక్ష్మక్రిములు ప్రవేశించినవి. శ్రద్ధ యున్నను క్రమము లేనిచో రక్తమే విషమగును గదా! సెప్టెంబరు చివర డ్రూను వైద్య సంచాలకునిగా పిలిచిరి.

ఆయన అన్ని ఆసుపత్రులకును ఒకే పద్ధతి, ఒకే పరికరములు, ఒకే రకపు లెక్కపుస్తకము విధించెను. ప్రతి సీసాను కేంద్ర పరిశోధనశాలలో క్రిములకై పరీక్షించిన పిదపనే ఓడ కెక్కించునట్లు చేసెను. ఇది ఉత్సాహము పుట్టించు పని కాదు. గుమాస్తా పనివలె కనబడును. గుమాస్తా పనియందు ప్రాణము లెట్లు నిలుచునో తెలిసికొనుటకు ఈ కథ చాలును. 1941 జనవరిలో పథకము ముగియునాటికి దాదాపు పదునాలుగున్నర వేలమంది రక్తమిచ్చిరి. ఐదువేల లీటర్లకు పైగా ప్లాస్మా ద్రావణము సముద్రము దాటినది. ఇచ్చినవారు తామెన్నడును చూడని నగరమున, చూడబోని మనుష్యుల కొరకు ఆసుపత్రి గుమ్మములలో వరుస కట్టి నిలిచిరి.

ఆ అనుభవము చూచి అమెరికా రెడ్‌క్రాస్ 1941 ఫిబ్రవరిలో ప్లాస్మాను ఎండబెట్టి పొడిచేసి పెద్ద యెత్తున నిలువచేయు మూడు నెలల ప్రయోగమును న్యూయార్కులో నారంభించినది. డ్రూ దానికి సహాయ సంచాలకుడు. దాత ఆసుపత్రికి రాలేనిచో, మంచుపెట్టెలతో కూడిన బండిని దాతవద్దకే పంపు యేర్పాటు ఆయన చేసినదే. మన కార్యాలయముల ముందు శిబిరమునాడు నిలుచు రక్తసేకరణ వాహనమునకు అదియే పూర్వరూపము. ఆ మార్గముననే రెడ్‌క్రాస్ యుద్ధము ముగియులోపల కోటి ముప్పది లక్షల పైంట్లకు పైగా రక్తము సేకరించెను. సూది గ్రుచ్చునది వైద్యుడో నర్సో. కాని దాతను పలుకరించి కూర్చుండబెట్టువారు, చీటి నింపువారు, పండ్లరసమిచ్చి కాసేపు కదలనీయనివారు, బండి నడపువారు - వీరిలో అత్యధికులు జీతము లేని స్వచ్ఛంద సేవకులు, విశేషించి స్త్రీలు.

ఇచటనే విచారకరమైన ఘట్టము. అదే రెడ్‌క్రాస్ 1941 చివర, సైన్యము అభీష్టము ననుసరించి, నల్లజాతివారి రక్తమును స్వీకరింపబోమని ప్రకటించినది. నిరసనలు చెలరేగగా 1942 జనవరిలో స్వీకరింతుము గాని వేరుగా నుంచెదమని సవరించినది. చీటిమీద దాత జాతికొక గడి చేరినది. ఆ రక్తనిధికి పద్ధతి నేర్పినవాడే వచ్చి చేయి చాచినను, ఆయన రక్తము వేరు సీసాలో, వేరు చీటితో పోవలసినదే. మన గ్రామములలో మంచినీటి బిందెకు, టీ దుకాణములోని గ్లాసుకు పట్టిన గతియే అచట రక్తపు సీసాకు పట్టినది. అన్నదమ్ముల గ్రూపులు వేరుకావచ్చును, సముద్రములకావలి పరాయివాని గ్రూపు కుదురవచ్చును. జాతినిబట్టి రక్తము మారదని శాస్త్రము చెప్పుచున్నదని డ్రూ బహిరంగముగా ప్రకటించెను. ఈ కారణముచే ఆయన రెడ్‌క్రాస్ పదవికి రాజీనామా చేసెనని లోకప్రవాదము. వాస్తవమునకు ఆ ఉత్తరువు రాకముందే, 1941 వసంతముననే, ఆయన హోవర్డ్‌కు తిరిగి వెళ్ళెను. నిరసనకు విలువ తగ్గదు. తేదీ మాత్రము సరిచూచుకొనవలెను.

మన దేశమున 1942 మార్చిలో కలకత్తాలోని అఖిల భారత ఆరోగ్యశాస్త్ర సంస్థలో మొదటి రక్తనిధి వెలసినది. రెడ్‌క్రాస్ దానిని నిర్వహించెను. నాటి దాతలలో ప్రభుత్వోద్యోగులు ఎక్కువగా నుండిరని చదివి, ఈ సంచికను చదువువారు కొంచెము గర్వించవచ్చును. యుద్ధానంతరము ఆ ఉత్సాహము చల్లారి, రక్తమమ్ముకొని పొట్టపోసికొను నిరుపేదలే దాతలైరి. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి ఆ క్రయము నిషేధింపబడినది. రక్తదానము చేసిన దినమునకు కేంద్రోద్యోగికి ప్రత్యేక ఆకస్మిక సెలవు కలదు. దానిని వాడుకొనువారెందరో ఎవరి శాఖలో వారే లెక్కించుకొందురు గాక!

హోవర్డ్‌లో డ్రూ శస్త్రవైద్య శాఖాధిపతిగాను, ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రి ప్రధాన శస్త్రవైద్యుడుగాను తొమ్మిదేండ్లు పనిచేసెను. రక్తనిధివలన వచ్చిన కీర్తిని ఆయన అట్టే లెక్కచేయలేదు. నల్లజాతి యువకులను మేటి శస్త్రవైద్యులుగా తీర్చుటయే తన పనియని నమ్మెను. ఆ కాలమున అమెరికా శస్త్రవైద్య మండలి యోగ్యతాపత్రము పొందిన నల్లజాతివారిలో సగముకంటె ఎక్కువమంది ఆయన శిష్యులే. 1944లో ఆయనకు స్పింగార్న్ పతకము లభించినది. అమెరికా వైద్యసంఘము మాత్రము ఆయన నెన్నడును సభ్యునిగా చేర్చుకొనలేదు. ఆ రోజులలో స్థానిక సంఘములు నల్లజాతివారిని చేర్చుకొనెడివి కావు. స్థానిక సభ్యత్వము లేనిదే జాతీయ సభ్యత్వము దొరకెడిది కాదు. 1947లో ఆయన దీనిని ఆక్షేపించి లేఖ వ్రాసెను, ఫలితము కలుగలేదు.

అలబామా రాష్ట్రపు టస్కెగీలో ఆ రోజులలో ఏటేట వసంతమున బీదల కొరకు ఉచిత వైద్యశిబిరము జరుగుచుండెడిది. డ్రూ క్రమము తప్పక వెళ్ళెడివాడు. 1939లో అట్టి ప్రయాణములోనే లెనోర్ రాబిన్స్ అను అధ్యాపకురాలిని చూచి, ఆ సంవత్సరమే వివాహమాడెను. వారికి నలుగురు సంతానము. 1950 మార్చి 31న పగలంతయు పనిచేసి, రాత్రి ప్రొద్దుపోయిన తరువాత ముగ్గురు వైద్యులతో కారులో అదే శిబిరమునకు బయలుదేరెను. ఏప్రిల్ 1వ తేది ఉదయము నార్త్ కెరొలైనాలో బర్లింగ్‌టన్ సమీపమున కారు నడపుచున్న డ్రూకు కునుకు పట్టినది. కారు బోల్తాపడినది. దగ్గరి ఆసుపత్రికి చేర్చగా తెల్లజాతి వైద్యులు శాయశక్తుల ప్రయత్నించిరి. గాయములు ప్రాణాంతకములగుటచే కొలది సేపటికే మరణించెను. ఆయనకప్పటికి నలుబదియైదేండ్లు.

రక్తనిధిని నిర్మించినవానికే తెల్లవారి ఆసుపత్రి రక్తమెక్కించుటకు నిరాకరించెనని అనతికాలముననే కథ పుట్టినది. అది పత్రికలలోనికి, పుస్తకములలోనికి ఎక్కినది. కారులో వెంటనున్న నల్లజాతి వైద్యుడే అది అబద్ధమని పలుమార్లు చెప్పెను. అయినను కథ చావలేదు. చావకపోవుటకు కారణము కలదు. అదే సంవత్సరము డిసెంబరులో, అదే ప్రాంతమున, కారు ప్రమాదములో గాయపడిన నల్లజాతి విద్యార్థి నొకనిని, నల్లవారికి కేటాయించిన పడకలు ఖాళీ లేవని పెద్ద ఆసుపత్రి త్రిప్పిపంపగా అతడు మరణించెను. డ్రూకు జరుగనిది పేరులేని వారెందరికో జరిగినది. ప్రజలు దానిని పేరున్నవానికి ముడిపెట్టిరి.

రెడ్‌క్రాస్ రక్తపు చీటిమీది జాతి గడిని 1950 చివర, డ్రూ మరణించిన కొన్ని నెలలకు, తొలగించినది. లూసియానా రాష్ట్రపు చట్టములో మాత్రము ఆ గడి 1972 వరకు నిలిచి యుండెను.