పదవియు మనస్సాక్షియు: సర్ థామస్ మోర్ జీవితము

ఉద్యోగము మనుష్యునకు అన్నము పెట్టును, గౌరవమును తెచ్చును. ఆ ఉద్యోగమే ఒకనాడు అంతరాత్మ ఒప్పని పనిని చేయుమన్నచో ఏమి చేయవలెను? నాలుగువందల తొంబది సంవత్సరములకు పూర్వము ఇంగ్లండు దేశమున ఒక న్యాయవేత్త ఈ ప్రశ్నకు తన జీవితముతోనే సమాధానము చెప్పెను. ఆయనయే సర్ థామస్ మోర్.

మోర్ 1478లో లండను నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది, తరువాత న్యాయమూర్తి. బాల్యమున కాంటర్బరీ ఆర్చిబిషప్పు మోర్టన్ ఇంట పరిచారకుడుగా నుండి, ఆక్స్‌ఫర్డులో కొంతకాలము చదివి, పిదప న్యాయశాస్త్రము నభ్యసించెను. యౌవనమున నాలుగేండ్లు కార్థూసియన్ సన్న్యాసుల మఠమునకు సమీపమున వసించి, వారి ప్రార్థనలలో పాల్గొనుచు, సన్న్యసింపవలెనా, సంసారి కావలెనా యని తర్కించుకొనెను. తుదకు గృహస్థాశ్రమమునే వరించెను. అయినను లోపల రోమవస్త్రమును ధరించుట మానలేదు. కుమారునితో సమానముగా కుమార్తెలకును లాటిను, గ్రీకు భాషలు నేర్పించెను. అది ఆ కాలమున అరుదైన సంగతి. 1516లో వెలువడిన ‘యుటోపియా’ యను లాటిను గ్రంథము ఆయన కీర్తిని యూరపంతట వ్యాపింపజేసెను.

రాజాస్థానమున క్రమముగా పైకి వచ్చి, 1523లో కామన్సు సభాధ్యక్షుడై, 1529 అక్టోబరులో లార్డ్ ఛాన్సలర్ పదవి నందెను. దేశమున రాజు తరువాత అంతటి పదవి లేదు. ఆయన అల్లుడు విలియం రోపర్ వ్రాసిన చరిత్రలో ఆనాటి ముచ్చట లనేకము లున్నవి. వెస్ట్‌మినిస్టరు శాలలో తన న్యాయస్థానమునకు పోవుచు, మరియొక న్యాయస్థానమున కూర్చున్న వృద్ధుడగు తండ్రి యెదుట అందరును చూచుచుండగా మోకరిల్లి ఆశీర్వాదము పొందెడివాడట. ఒక వితంతువు తన వ్యాజ్యము గెలిచిన పిదప చేతితొడుగులలో నలువది పౌనులు పెట్టి కానుకగా నిచ్చెను. ఆయన తొడుగులను మాత్రము గ్రహించి ధనమును తిరిగి యిచ్చివేసెను. మరియొక అల్లుడు మామగారి యండ చూచుకొని రాజీకి రాకున్నప్పుడు, అతనికి వ్యతిరేకముగానే తీర్పు చెప్పెను.

అసలు పరీక్ష మరియొక దిక్కునుండి వచ్చెను. ఎనిమిదవ హెన్రీ రాజు భార్యయగు కాథరీనును విడిచి ఆన్ బొలీనును వివాహమాడ నెంచెను. పోపు అంగీకరింపలేదు. రాజు దేశములోని క్రైస్తవ సంఘమునే తన అధీనమున నుంచుకొన నిశ్చయించెను. మోర్ అంతరాత్మ దీని నంగీకరింపలేదు. కొలువులో చేరిన నాడు ముందుగా దైవమును, పిదప తన్నును చూడవలెనని రాజే బోధించియుండెను. ఆ మాటను మోర్ మరువలేదు. కాని ఆయన తిరుగుబాటు చేయలేదు; రాజును నిందింపలేదు. 1532 మే 15న మతాచార్యులు రాజునకు లోబడిరి. మరునాడే అనారోగ్యమును చూపి మోర్ పదవిని విడిచెను.

పదవితో పాటు ఆదాయమును పోయెను. బిడ్డలను కూర్చుండబెట్టుకొని ఇంటి వ్యయమును ఎట్లు తగ్గించుకొనవలెనో ఆలోచించెను. తన పడవను, దాని నావికులు ఎనిమిదిమందిని తరువాతి ఛాన్సలరునకు అప్పగించి వారి జీవనమునకు లోపము రాకుండ చూచెను. మతాచార్యులు ప్రోగుచేసి తెచ్చిన నాలుగైదువేల పౌనుల ధనమును స్వీకరింపలేదు. చలిరాత్రులలో ఎండు మోపును మండించి, కుటుంబమంతయు చలి కాచుకొని నిద్రించెడివారట.

1534లో వారసత్వశాసనము క్రింద ప్రమాణము చేయవలెనని రాజాజ్ఞ వెలువడెను. ఆన్ సంతానము రాజ్యమునకు వచ్చుటకు మోర్‌కు అభ్యంతరము లేదు. ఆ ప్రమాణములోని తక్కిన భాగమును మాత్రము అంగీకరింపలేకపోయెను. ఏల అంగీకరింపలేదో చెప్పలేదు. ప్రమాణము చేసినవారిని తప్పుపట్టనులేదు. ఏప్రిలు 17న లండను టవరు కారాగారమున బంధించిరి. ప్రియపుత్రిక మార్గరెటు వచ్చి లొంగుమని బ్రతిమాలెను. భార్య ఆలిస్ తన వస్త్రములను అమ్మి ఆయన భోజనవ్యయము చెల్లింపవలసి వచ్చెను. ఆత్మీయుల కన్నీరు రాజుకోపముకంటె బరువైనది. దానిని కూడ ఆయన భరించెను.

1535 జూలై 1న విచారణ జరిగెను. మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలు చెప్పుదురు. మోర్ వాదమును ఇట్టిదే: న్యాయశాస్త్రమున మౌనము అంగీకారమునకే గుర్తు కాని ద్రోహమునకు కాదు. రిచర్డ్ రిచ్ యను అధికారి చెప్పిన సాక్ష్యమును మోర్ అబద్ధమని ఖండించినను, దోషియని తీర్పు వచ్చెను. ఇక దాచవలసిన పని లేనందున అప్పుడే ఆయన తన అభిప్రాయమును ప్రకటించెను. స్తెఫను వధకు సమ్మతించిన పౌలును, ఆ స్తెఫనును నేడు స్వర్గమున మిత్రులై యున్నట్లే, తానును తన న్యాయాధిపతులును అచట సంతోషముతో కలిసికొందురుగాక యని ప్రార్థించెను. జూలై 6న శిరచ్ఛేదము జరిగెను. 1935లో కాథలిక్ సంఘము ఆయనను పునీతుడుగా ప్రకటించెను.

ఈ చరిత్రలో ఒక మచ్చను దాచరాదు. ఆయన ఛాన్సలరుగా నున్న కాలమున మతభేదమునకై ఆరుగురు సజీవదహనము పొందిరి. వారిలో కొందరి విషయమున ఆయనకు ప్రత్యక్షసంబంధము కలదు. తన మనస్సాక్షికై ప్రాణమిచ్చిన మహనీయుడు ఇతరుల మనస్సాక్షికి ఆ స్థానమీయలేకపోయెను. అది కాలదోషమని త్రోసివేయుట సులభము. కాని మృతులకు కాలదోషము సమాధానము కాజాలదు.

అయినను ఆయన నిర్ణయించుకొన్న క్రమము నేటికిని పాఠమే. పదవిలో నున్నంతకాలము చేతులు శుభ్రముగా నుంచుకొనెను. వీలైనంతవరకు ఘర్షణను తప్పించుకొనెను. తప్పనిసరియైనప్పుడు మొదట పదవిని, పిదప ధనమును, తుదకు ప్రాణమును విడిచెను. అంతరాత్మను మాత్రము విడువలేదు. తన నిర్ణయభారమును పరులపై మోపలేదు. అర్హత లేని విద్యార్థికి మార్కులు వేయుమని పైవారు ఒత్తిడి చేసిన ఉపాధ్యాయునకు టవరు కారాగారము ఎదురుకాదు. ఎదురగు ప్రశ్న మాత్రము అదియే.