ఆటగాళ్లను ఏరిన ఉపాధ్యాయుడు: రహీం సాహెబు

ఉగాది వచ్చినదంటే మన బళ్ళారి సీమలో తెలుగువారి ఇంటా, కన్నడిగుల ఇంటా వేపపువ్వూ బెల్లమూ ఒకచోట చేరుతాయి. పంచాంగ శ్రవణం కాగానే పెద్దలు తమ ఆదాయ వ్యయాలకన్నా పిల్లల సంగతే ఎక్కువగా తలపోస్తారు. ఈ మధ్య ఆ తలపోతలలో చదువుతోపాటు ఆటలూ చేరినవి. తోరణగల్లు చెంత విజయనగర్‌లో 2018లో ఇన్‌స్పైర్ క్రీడాసంస్థ ఏర్పడింది. కుస్తీ, బాక్సింగు, జూడో, పరుగు పందేలు నేర్పడానికి పిల్లలను ఎంచి అక్కడ చేర్చుకొంటారు. ఎంపిక అన్న మాట వినగానే పిల్లవాడికన్న ముందు తల్లిదండ్రుల గుండె దడదడ కొట్టుకొంటుంది.

ఈ ఎంపిక ఎంత చిక్కైన పనో అమెరికావారి బాస్కెట్‌బాల్ చెబుతుంది. అక్కడి వృత్తి జట్లు ఏటా కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా కోరుకొంటాయి. ఎత్తు కొలుస్తారు, ఎగిరే శక్తి కొలుస్తారు, ఆడిన ఆటలన్నీ లెక్కవేస్తారు. ఇంత చేసి కూడా 1984లో మైకేల్ జోర్డాన్‌ను మూడవ వానిగా గాని ఎంచలేదు. కొలబద్దకు అందే గుణాలు కొన్నే. తక్కినవి కనిపెట్టడానికి వేరే కన్ను కావలె. అట్టి కన్నుగల ఒక ఉపాధ్యాయుడు మన హైదరాబాదులోనే ఉండేవాడు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో చదివే రోజుల్లో విశ్వవిద్యాలయం తరఫున ఫుట్‌బాల్ ఆడారు. తరువాత బడిపంతులుగా జీవితం ప్రారంభించారు, వ్యాయామ విద్యలోనూ పట్టా పుచ్చుకొన్నారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. నగర పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చే భారం కూడా ఆయనమీద పడింది. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా జట్లే గొప్పవని తలచే ఆ కాలంలో ఇది సామాన్య విషయం కాదు.

ఆయన విజయ రహస్యం చిన్నపిల్లల పోటీలలో ఉన్నది. రహీం సాహెబు హైదరాబాదులో కొన్ని వింత పందేలు పెట్టించారు. ఒకదానిలో బంతిని కాలి దగ్గర పెట్టుకొని ఒంటరిగా దూసుకుపోవడం నిషిద్ధం. వచ్చిన బంతిని వెంటనే తోడివానికి అందించవలసిందే. మరొకదానిలో వాటమైన కాలు పనికిరాదు, వాటం లేని కాలితోనే తన్నవలె. ఇంకొకదానిలో ఆటగాళ్ల ఎత్తుకు హద్దు పెట్టారు. దానివల్ల పొట్టి పిల్లవాడు పొడుగువాళ్ల తోపులాటలో నలిగిపోకుండా తన నేర్పు చూపగలిగేవాడు. ఇవి పిల్లలకు శిక్షణా అయినవి, పరీక్షా అయినవి. ఎవడు తెలిసిన పని బాగా చేస్తాడన్నది అందరికీ కనబడుతుంది. తెలియని పనిని ఎవడు త్వరగా పట్టుకొంటాడన్నది ఇట్టి పోటీలలో గాని బయటపడదు.

సికిందరాబాదు దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ అనే పేద కుర్రవాడు ఆయన దృష్టిలో పడ్డాడు. ఎంపికకు హైదరాబాదు రమ్మన్నారు. రోజూ అంత దూరం వచ్చిపోవడానికి ఆ కుర్రవాడివద్ద డబ్బు లేదు. సైకిలు అద్దెకు రహీం సాహెబే డబ్బు ఇచ్చారని బలరామ్ పెద్దవాడైన తరువాత కృతజ్ఞతతో చెప్పుకొనేవాడు. సైకిలు అద్దె లేక ఆగిపోయిన పిల్లలు దేశంలో ఎందరో. బలరామ్ ఆగిపోలేదు. ఇరవయ్యేళ్ల ప్రాయంలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. చునీ గోస్వామి, పి. కె. బెనర్జీలతోపాటు భారత ఫుట్‌బాల్‌కు మూడు స్తంభాలలో ఒకడైనాడు.

భారత జట్టు బాధ్యత 1950లోనే రహీం సాహెబుకు వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. మరుసటి యేడు హెల్సింకీలో పరాభవం ఎదురైంది. చాలామంది వట్టికాళ్లతో ఆడిన మన జట్టును యుగోస్లావియా 10-1తో చిత్తుచేసింది. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయినవి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాల్గవ స్థానం సంపాదించింది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోల్సు చేశాడు. హైదరాబాదు మైదానాలలో ఆరితేరిన అజీజ్, లతీఫ్, నూర్ మహమ్మద్, బలరామ్ మొదలైనవారు ఆ జట్టులో ఉన్నారు.

తనవాళ్ల విషయంలో ఆయన తరాజు మొగ్గలేదు. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం మంచి ఆటగాడు. 1960 రోము ఒలింపిక్స్ బృందంలో చోటు పొందాడు. కాని ఆ పోటీలలో ఒక్క ఆటకైనా తండ్రి అతనిని దింపలేదు. 1962 జకార్తా బృందంలో హకీంకు చోటే దక్కలేదు. జట్టును ఎంచే తండ్రికీ, ఇంట్లో ఎదురుచూచే కొడుకుకూ ఆ రోజులు ఎంత కష్టంగా గడిచి ఉంటాయో బిడ్డలను కన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. హకీం ఆటను విడువలేదు. వైమానిక దళంలో పనిచేస్తూ తరువాత అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు.

జకార్తా నాటికి రహీం సాహెబు శరీరంలో క్యాన్సర్ ప్రవేశించింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండుతో ఆటలో వెనుక వరుసకు కంచుకోట వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. ఇంకొకరైతే అతనిని కూర్చోబెట్టేవారు. ఈయన అతనిని సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న ప్రేక్షకులు మనవారిని గేలిచేస్తూ కేకలు వేస్తుండగా, అదే కొరియాను భారత్ 2-1తో ఓడించింది. ఒక గోలు బెనర్జీది, రెండవది జర్నైల్ సింగ్‌ది. ఆ తరువాత నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు. 1963 జూన్ 11న, యాభైమూడవ యేట, రహీం సాహెబు కన్నుమూశారు. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ చిత్రం ఆయన పేరును కొత్త తరానికి తెలిపింది.

పొట్టచేత పట్టుకొని పరాయి ఊరు చేరిన మనకు ఈ చరిత్ర వినోదం కోసమే కాదు. మన పిల్లవాడు ఒకనాటి ఎంపికలో వెనుకబడితే వాడు పనికిరాడని ఇంట్లో మనమే తీర్పు చెప్పకూడదు. ఆనాడు వాడేమి చేశాడన్నది ఒక లెక్క, నేర్పితే ఎంత నేర్చుకొంటాడన్నది మరొక లెక్క. రెండవ లెక్క తేలడానికి ఓపిక కావలె, అప్పుడప్పుడు సైకిలు అద్దె కూడా కావలె. పొరుగింటి బీదపిల్లవాడికి ఆ అద్దె మనలో ఎవరైనా ఇవ్వగలిగితే, ఈ కొత్త సంవత్సరంలో మన సంఘం ఒక మంచిపని చేసినట్లే. పిల్లలందరికీ ఆటపాటలతో ఆరోగ్యం కలుగవలెనని కోరుతూ, పాఠకులకు ఉగాది శుభాకాంక్షలు.