వేగ దేవుడికి ముడుపులు

మోటారు సైకిళ్ళ పందెం అనగానే కుర్రకారు, కొత్త బండి గుర్తుకొస్తాయి. కానీ 1967లో అమెరికాలో రికార్డు బద్దలు కొట్టిన మనిషి వయసు 68 ఏళ్ళు, బండి వయసు 47 ఏళ్ళు! ఆయనే బర్ట్ మన్రో.

మన్రో 1899 మార్చి 25న న్యూజిలాండ్ దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో రైతుబిడ్డగా జన్మించాడు. ఇంటి గుర్రాల్లో వేగంగా పోయేదాన్నే ఎక్కేవాడట. తండ్రికి ఈ పిచ్చి నచ్చేది కాదు. 1920లో ఇండియన్ స్కౌట్ అనే బండి కొన్నాడు. పేరు చూసి మన దేశపు బండి అనుకునేరు, అది అమెరికా కంపెనీది. 600 సి.సి. ఇంజను, గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్ళు.

ఆ వేగం చాలదనుకొని 1926 నుంచి బండిని మార్చడం మొదలుపెట్టాడు. పగలు బండ్లమ్మే ఉద్యోగం, రాత్రి షెడ్డులో పని. పాత డబ్బాల్లో లోహం పోసి పిస్టన్లు చేసుకున్నాడు. మా ఎర్రగుంట్ల పల్లెల్లో ట్రాక్టరు యాక్సిల్ పాతబడితే ఇనుప సామానుకు వేసేస్తాం. ఆయన ఆ ఉక్కునే అరగదీసి కనెక్టింగ్ రాడ్లు తయారుచేశాడు!

గాలి నిరోధాన్ని గెలవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగం మూడింతలు కావాలంటే శక్తి 27 రెట్లు కావాలి. అందుకే ఇంజన్లు పదేపదే పగిలేవి. పగిలిన భాగాలను పారేయకుండా, వేగ దేవుడికి ముడుపులని రాసి షెల్ఫులో పేర్చాడు.

డ్రాగ్ రేసులో బండి నిలబడిన చోటునుంచి పావు మైలు ఉరుకుతుంది. అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో పద్ధతి వేరు. ముందే వేగం అందుకొని, కొలిచిన మైలును రెండు దిక్కులా దాటాలి. రెండింటి సగటే రికార్డు. 1962లో మన్రో అక్కడ గంటకు 178.95 మైళ్ళు సాధించాడు. 1967లో ఇంజనును 950 సి.సి.కి పెంచి, వెయ్యి సి.సి. లోపు తరగతిలో 183.586 మైళ్ళు అందుకున్నాడు. అంటే సుమారు 295 కిలోమీటర్లు!

1978 జనవరి 6న మన్రో కన్నుమూశాడు. కథ అంతటితో ముగియలేదు. 2014లో ఆయన కొడుకు పాత లెక్కలు చూస్తుంటే సగటు తీయడంలో తప్పు బయటపడింది. సరిచేస్తే రికార్డు 184.087 మైళ్ళకు పెరిగింది. పోయిన 36 ఏళ్ళకు ఆయన వేగం అరమైలు పెరిగిందన్నమాట!

మిత్రులారా, ఒక్క పేపరు పోతేనే మనం డీలా పడిపోతాం. రికార్డు పుస్తకంలో మన్రోకు దక్కింది ఒక్క వరుస. దాని వెనక షెల్ఫు నిండా విరిగిన పిస్టన్లున్నాయి. మన ఓటములను కూడా పారేయకుండా దాచుకుందాం. అవీ ముడుపులే.